ఫొటో కింద రాయాల్సిన మాట

ఫొటోలో మా ఆయన కుడిచెయ్యి పైకెత్తి ఉంది. వెనక మిల్లు గేటు, గేటుకి అటూ ఇటూ జనం, ఒక మూలగా వెనక్కి వస్తున్న లారీ తోకభాగం. పత్రికవాళ్ళు తీసిన ఫొటో అది. అది తీసిన నిమిషంలోపే ఆయన ఆ లారీ కింద పడ్డారు. రెండు గంటల తర్వాత ఆసుపత్రిలో పోయారు.

ఏడాది కావస్తుండగా ఒక ఆదివారం పొద్దున యూనియన్ సెక్రటరీ మా ఇంటికి వచ్చాడు. అతన్ని అందరూ మైకు అంటారు. మైకు అవసరం లేకుండా మూడు వీధులకు వినపడేలా మాట్లాడతాడని ఆ పేరు. మా ఇంట్లో మాత్రం ఏడాదిగా గొంతు తగ్గించే మాట్లాడుతున్నాడు. చంకలో పెట్టుకొచ్చిన కవరులోంచి ఆ ఫొటో పెద్ద ప్రింటు తీసి, బల్లమీద నేను దిద్దుతున్న పరీక్ష కాగితాలు పక్కకి జరిపి, జాగ్రత్తగా పరిచాడు. వచ్చే ఆదివారం యూనియన్ హాల్లో దాన్ని పెడతారట. కింద ఇత్తడి రేకుమీద ఒకటి రెండు వాక్యాలు చెక్కిస్తారట. చెక్కేవాడికి గురువారం సాయంత్రానికి కాగితం అందాలి.

"మేం రాస్తే నినాదంలా ఉంటుంది టీచరుగారూ. మీరు రాస్తే మాటలా ఉంటుంది" అన్నాడు.

రాస్తానన్నాను. ఒప్పుకున్నాక ఫొటో వైపు చూస్తే ఏం రాయాలో తెలియలేదు.

ఆ రోజు ఏం జరిగిందన్నదానికి ఊళ్ళో రెండు కథలున్నాయి. అది సమ్మె పంతొమ్మిదో రోజు. యూనియన్ కథ ప్రకారం, మిల్లులోకి సరుకు లారీని రానివ్వకుండా ఆయన గేటుకి అడ్డంగా నిలబడి, పిడికిలి బిగించి, అందరినీ ముందుకి రమ్మన్నారు. డ్రైవరు చూసి కూడా లారీ ఆపలేదు. మిల్లు కథ ప్రకారం, ఆయన సమ్మెతో విసిగిపోయి ఆ పూట పనిలోకి వచ్చేశారు. మళ్ళీ బయటికొస్తుంటే సమ్మెవాళ్ళు తోసేశారు. పైకెత్తిన చెయ్యి, గేటు తెరవమని వాచ్‌మన్‌కి చేసిన సైగ.

మిల్లు కథకి ఆధారం ఒక బిళ్ళ. ఆ ఉన్ని మిల్లులో హాజరు కాగితంమీద కాదు, ఇత్తడి బిళ్ళలతో. గేటు పక్కన రెండు చెక్క బోర్డులుంటాయి, ఒకటి 'బయట', ఒకటి 'లోపల'. లోపలికెళ్ళే మనిషి తన నంబరు బిళ్ళని మొదటి బోర్డు మేకు నుంచి తీసి రెండో బోర్డు మేకుకి తగిలించి వెళ్ళాలి. ఆయన బిళ్ళ నంబరు రెండువందల పద్నాలుగు. ఆ రోజు గొడవ సద్దుమణిగాక అది 'లోపల' బోర్డుమీద ఉంది.

ఉందని చెప్పినవాడు మా మరిది. ఆయన సొంత తమ్ముడు, ఆ గేటు దగ్గరే టైమాఫీసు గుమస్తా. యాజమాన్యం మనిషి కాబట్టి సమ్మెలో లేడు. ఆ బిళ్ళ వాడే తగిలించి ఉంటాడని యూనియన్‌వాళ్ళన్నారు. నేను నమ్మాను. దినకార్యాలు కాకముందే మా గుమ్మం తొక్కొద్దని వాడితో చెప్పాను. వాడు చెప్పులు చేత్తో పట్టుకుని వీధి చివరిదాకా అలాగే నడిచి వెళ్ళిపోయాడు. నేను కిటికీలోంచి చూశాను.

నేను సైన్సు చెప్తాను. ఎనిమిదో తరగతి పిల్లలకి మొదటి నెలలోనే ఒక పద్ధతి అలవాటు చేస్తాను. నోటు పుస్తకంలో పేజీ మధ్యకి గీత గీసి, ఎడమవైపు 'చూసింది' అనీ కుడివైపు 'అనుకున్నది' అనీ రాయిస్తాను. కొవ్వొత్తి వెలిగిస్తే సగంమంది ఎడమవైపు 'మైనం కాలుతోంది' అని రాస్తారు. కాలడం చూశారా అని అడుగుతాను. కరగడం చూశారు, మంట చూశారు. కాలడం కుడివైపుకి వెళ్ళాలి. అది నిజమే కావచ్చు, అయినా చోటు అక్కడే. పిల్లలు దాన్ని ఆటగా తీసుకుంటారు. పెద్దవాళ్ళకి చెప్తే కోపం వస్తుంది.

ఆయన పోయిన వారానికే నేనూ అలాంటి పేజీ ఒకటి రాసుకున్నాను. అప్పుడు చేతికి వేరే పనేదీ తోచలేదు. ఎడమవైపు మొదటి లైను: 'ఉదయం ఎనిమిదిన్నరకి యూనియన్ షెడ్డుకని బయల్దేరారు.' ఇంకా కిందకి, ఆసుపత్రివాళ్ళిచ్చిన సంచిలో ఉన్నవి: చేతి గడియారం, పెన్ను, రుమాలు, ఒక తాళంచెవి, తెల్ల చొక్కా. 'చొక్కా రెండో గుండీ వదులై దారంతో బిగించి ఉంది.' ఆ పేజీ పూర్తయ్యాక పుస్తకం మూసేశాను. మళ్ళీ తెరవలేదు.

ఇప్పుడు తెరిచాను. మైకు ఇంకా కూర్చునే ఉన్నాడు.

ఆ రోజు మీరు చూసింది మళ్ళీ ఒకసారి చెప్పమన్నాను. చెప్పాడు. పది గజాల దూరంలో ఉన్నాడట. వీపు తనవైపు ఉందట, చెయ్యి పైకి లేవడం కళ్ళారా చూశాడట, "ముందుకి" అనడం విన్నాడట.

"ఆ గోలలో వినపడిందా?" అని అడిగాను.

మైకు అబద్ధమాడే మనిషి కాదు. ఆయన్ని చేతులమీద మోసుకుని ఆసుపత్రిదాకా పరిగెత్తినవాడు.

"వినపడ్డం అంటే... ఆ గోలలో ఎవరి మాట వాళ్ళకే వినపడలేదు."

"మరి 'ముందుకి' అన్నారని ఎలా తెలిసింది?"

"ఆయనైతే ఇంకేమంటాడు టీచరుగారూ?"

ఆ మాట పుస్తకంలో రాసుకుని కింద గీత గీసుకున్నాను, అతను చూడకుండా. వెళ్ళేటప్పుడు, మీ మరిది మాట మాత్రం పట్టించుకోవద్దనీ, వాడు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనీ చెప్పి వెళ్ళాడు.

సోమవారం బడి అయ్యాక మిల్లు గేటుకి వెళ్ళాను. ఏడాదిలో అదే మొదటిసారి. మరిది టైమాఫీసు కిటికీ వెనక తల వంచుకుని రిజిస్టరు రాసుకుంటున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. లోపలికి రమ్మనాలో బయటికి రావాలో తెలియక కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడిపోయాడు. "వదినా" అన్నాడు, అంతే.

బిళ్ళ ఎప్పుడు చూశావని అడిగాను. పదకొండు దాటాక, గొడవ సద్దుమణిగాక. అన్నయ్య లోపలికి వెళ్ళడం చూశావా? చూడలేదు. వాచ్‌మన్ మర్నాడే ఉద్యోగం మానేసి ఎక్కడికో వెళ్ళిపోయాడు. పనిచెయ్యడానికే వచ్చాడని నీకెలా తెలుసు? దానికి వాడు వెంటనే జవాబిచ్చాడు. బిళ్ళ లోపల బోర్డుమీదుంటే మనిషి పనిలో ఉన్నట్టే. పదిహేనేళ్ళుగా వాడి ఉద్యోగం ఆ లెక్కే. ఇంకో సంగతి కూడా ఉందట. అన్నయ్య పనిచేసే రంగులఖానాలో చిన్న గదిలో, నమూనాలు ఉడికించే గిన్నెలో ఉన్ని నూలు ఉందని మర్నాడు మనుషులు చెప్పారు. ఎవరో పని చేసినట్టే కదా.

"ఏం రంగు నూలు?" అన్నాను.

వాడు నావైపు అదోలా చూశాడు. "నూలు నేను చూడలేదు వదినా. రిజిస్టరు చూశాను. ఆ వారం ఏ రంగుకీ ఆర్డరు లేదు, సమ్మె కదా. గిన్నె కడిగేయమన్నారు. నూలు పారేసి ఉంటారు."

ఫొటో చూపించాను. చూడగానే గేటు తెరవమని సైగ అన్నాడు. పిడికిలి ఎందుకు కాకూడదని అడిగితే, అన్నయ్య ఏ రోజైనా పిడికిలి ఎత్తాడా, ఇంట్లో బొద్దింకని కూడా కాగితంమీద ఎక్కించి బయట వదిలేవాడు కదా అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నిజమే. ఇద్దరం ఒక్క క్షణం ఆ బొద్దింకల దగ్గర నిలబడ్డాం. అంతలోనే వాడు, ఆ మైకుగాడి మాటలు నమ్మొద్దు వదినా, వాడు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అన్నాడు. ఒకే కుందేలు రెండు ఇళ్ళల్లో కుంటుతోందని దారంతా అనుకుంటూ వచ్చాను.

అయితే మరిది చెప్పిన ఒక మాట మనసులో ఉండిపోయింది. ఆయన పిడికిలెత్తడం నేనూ ఎప్పుడూ చూడలేదు. ఊరేగింపుల్లో కూడా వెనక వరసలో చేతులు వెనక కట్టుకుని నడిచేవారు. మరి ఏడాదిగా ఆ ఫొటోలో నాకు పిడికిలే ఎలా కనపడింది?

ఇంటికొచ్చి భూతద్దం తీసి ఆ ఒక్క చేతినే చూశాను. పెద్ద ప్రింటులో కాస్త తేటగా ఉంది. మడిచినవి మూడు వేళ్ళే. బొటనవేలూ చూపుడువేలూ కొసలు కలుపుకుని పైకి నిలబడి ఉన్నాయి.

మంగళవారం నాలుగో పీరియడులో బోర్డుమీద ఆ చేతిని గీశాను. మనిషి లేడు, గేటు లేదు, మోచెయ్యి నుంచి పైకి మాత్రమే. ఎవరి చెయ్యో చెప్పలేదు. పేజీకి గీత గీసి, రెండువైపులా రాయమన్నాను. ఎడమవైపు అందరూ ఇంచుమించు ఒకేలా రాశారు. చెయ్యి పైకుంది, రెండు వేళ్ళు కలిశాయి. కుడివైపుకి వచ్చేసరికి ఎవరి ఇల్లు వాళ్ళకి కనపడింది. బస్సు కండక్టరు కొడుకు, గంట తాడు లాగుతున్నాడని రాశాడు. చివరి బెంచీ నుంచి ఇద్దరు, బయటికి వెళ్ళడానికి టీచర్ని అడుగుతున్నారని రాశారు. కరెంటు పనివాళ్ళ అమ్మాయి, బల్బు పెడుతున్నారంది. మిల్లులో తండ్రి ఉన్న పిల్లాడు మాత్రం నినాదమని రాశాడు. వేళ్ళు కలిసి ఉన్నాయి కదరా అంటే, మా నాన్నకి అలాగే వస్తుంది టీచర్, వేలు సరిగా ముడుచుకోదు అన్నాడు. క్లాసంతా నవ్వింది.

కిటికీ దగ్గర కూర్చునే పిల్ల, తల్లి బట్టలు కుడుతుంది, లేచి నిలబడి, సూదిలో దారం ఎక్కిస్తున్నారంది. అంత ఎత్తున పెట్టి ఎవరు ఎక్కిస్తారే అని పక్క పిల్ల వెక్కిరించింది.

"వెలుతురుకి పెడతారు" అంది ఆ పిల్ల. "మా అమ్మ కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి చూస్తుంది. లేకపోతే దారం కనపడదు."

పీరియడు అయిపోయింది. బోర్డు తుడవలేదు. దారం కంటికి కనపడనంత సన్నగా ఉంటుందన్న సంగతి, పత్రిక ఫొటోలో అది అసలే కనపడదన్న సంగతి, సైన్సు టీచరునై ఉండి నాకు తోచలేదు.

ఆయనకి రంగుల పని నేర్పిన పెద్దాయన ఒకడున్నాడు. పని మానేసి పదేళ్ళయింది. కూతురింట్లో వీధి గదిలో ఉంటాడు. బుధవారం అక్కడికి వెళ్ళాను. ఆయన గోళ్ళ చివర్లలో ఇప్పటికీ నీలం ఉంది. సమ్మె సంగతులు ఆయనకి పట్టవు. పత్రిక చదవడు. నా మొగుడు పోయిన రోజున వచ్చి మూలన కూర్చుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

ఫొటో ఆయన చేతిలో పెట్టి, ఏమీ చెప్పకుండా ఊరుకున్నాను. లేచి, గుమ్మం దాటి, అరుగుమీదకి వెళ్ళి, ఎండ పడని చోట నిలబడి చూశాడు. నేను అడగలేదు. ఆయనే అన్నాడు, అదేమంత విశేషం కాదన్నట్టు.

"రంగు చూస్తున్నాడు."

ఎలా చెప్తున్నారని అడిగాను. ఆయన పెద్దగా నవ్వి, నా మొగుడికి చెప్పినట్టే నాకూ చెప్పుకొచ్చాడు. లోపల దీపాల కింద రంగు ఎప్పుడూ అబద్ధం చెప్తుంది. పసుపు దీపం కింద ఆకుపచ్చ బాగున్నట్టే ఉంటుంది, బయటికొస్తే తేలిపోతుంది. అందుకని రంగులఖానావాళ్ళు గిన్నెలోంచి ఒక్క పోగు తీసి, పిండి, ఆ పోగు పట్టుకుని గేటు దాకా వస్తారు. మిల్లులో ఉత్తరం వైపు తెరిచి ఉన్న చోటు అదొక్కటే. అక్కడ ఎండ సూటిగా పడదు. ఆకాశానికి పెట్టి చూస్తారు. చూస్తున్నంతసేపూ పక్కన ఇల్లు తగలబడినా తెలియదు.

"లారీ వచ్చినా" అన్నాడు తర్వాత.

కొత్త రంగు కలిసిందో లేదో పోల్చుకోవాల్సిన పాత పోగు ఎక్కడుంటుందని అడిగాను. చేతిలో ఉంటే తడిసి మారిపోతుంది, జేబులో పెడితే పోతుంది. అందుకని చొక్కా గుండీకి చుట్టుకుంటారట. ముందు కొత్త పోగు ఒక్కదాన్నే చూసి, కంటికి అలవాటు కానిచ్చి, అప్పుడు గుండీ పోగు విప్పి పక్కన పెడతారట.

నేను వచ్చేస్తుంటే ఆయన వెనక నుంచి పిలిచాడు. "అమ్మాయ్, ఒక మాట. కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనపడుతుందంటారు. నాకు లోకమంతా రంగే. నువ్వు చెయ్యెత్తి కాకిని తోలినా రంగు చూస్తున్నావనే అంటాను. నా మాట కూడా అంతే తీసుకో."

ఇన్నాళ్ళలో తన కన్నుని తనే అనుమానించిన మనిషి ఆయనొక్కడే. అందుకే ఆయన మాట మిగతావాటికంటే బరువుగా అనిపించింది. అలా అనిపించడం కూడా కుడివైపు రాసుకోవాల్సిందే.

గురువారం బడికి సెలవు పెట్టాను. పొద్దున్నే అల్మారా అడుగు నుంచి ఆసుపత్రి సంచి తీశాను. తెల్ల చొక్కా. రెండో గుండీకి నాలుగైదు చుట్లు చుట్టిన సన్నటి ఉన్ని పోగు, ముదురు ఆకుపచ్చ. గుండీ పట్టుకుని లాగి చూశాను. గట్టిగా ఉంది. అది వదులుగా ఉందని ఏడాది కిందట ఎడమవైపు ఎలా రాశాను? గుండీకి దారం చూశాను, వదులై ఉంటుందనుకున్నాను, అనుకున్నదాన్ని చూసినదాని కింద రాశాను. రంగులు కలిపే మనిషి తెల్ల చొక్కాకి ఆకుపచ్చ దారం కడతాడా అన్న ప్రశ్న కూడా రాలేదు.

పోగు విప్పి పెరట్లోకి తీసుకెళ్ళి చూస్తున్నాను. మా అమ్మాయి కాలేజీకి తయారై, జడ వేసుకుంటూ అక్కడికొచ్చింది. పదిహేడేళ్ళది. ఆ ఏడాదంతా ఇంట్లో అడిగినదానికి జవాబు చెప్పడమే తప్ప తనంతట తను మాట్లాడింది తక్కువ. తండ్రి పోయిన పిల్ల కదా అనుకున్నాను.

నా వేళ్ళ మధ్య పోగు చూసి, జడ అల్లుతున్న చేతులు ఆపేసింది.

"అదెక్కడిదమ్మా?"

చొక్కా గుండీకి చుట్టి ఉందన్నాను. అది సగం జడతోనే లోపలికి వెళ్ళింది. స్టూలు లాగిన చప్పుడు, అల్మారా పైనుంచి ఏదో దించిన చప్పుడు. పాత దిండు గలీబు తెచ్చి నా ముందు పెట్టింది. అందులో ఆకుపచ్చ స్వెట్టరు, రెండు సూదులు. ముందూ వెనకా పూర్తయ్యాయి. ఒక చెయ్యి ఉంది, ఇంకో చెయ్యి లేదు.

ఆ స్వెట్టరు నాకోసం అల్లిందట. నాకు తెలియకుండా. ఉన్ని అయిపోయింది, దుకాణంలో ఆ రంగు మళ్ళీ రాలేదు. తండ్రికి చెప్పింది. మిల్లు మూసి ఉంది కదా, సమ్మె అయ్యాక చూద్దామన్నారట ఆయన. ఇది ఊరుకోలేదు. మూడు రోజులు వెంటపడింది. చివరికాయన, తెల్ల ఉన్ని ఒక కండె ఉంది, చిన్న గిన్నెలో గంట పని, రెండో చెయ్యి మొదటి చెయ్యికంటే బాగుంటుంది చూడు అన్నారట. స్వెట్టరు అంచు నుంచి ఒక పోగు కత్తిరించి ఇచ్చింది ఇదే. అమ్మకి చెప్పొద్దు అనుకున్నారు ఇద్దరూ.

స్వెట్టరు అంచున పోగు పెట్టాను. కత్తిరించిన చోటు కూడా చూపించింది.

"నేను అడక్కపోతే వెళ్ళేవాడు కాదు" అంది. ఏడవలేదు. ఏడాదిగా రోజూ లోలోపల అనుకున్న మాట కాబట్టి, పాఠం అప్పజెప్పినట్టు వచ్చింది.

దగ్గరికి తీసుకోవాలని తెలుసు. కానీ మా ఇద్దరికీ అది అంత తేలిగ్గా రాదు. నోటు పుస్తకం తెచ్చి దాని ముందు పెట్టాను.

"అడిగావు. అది ఎడమవైపు. 'అడక్కపోతే వెళ్ళేవాడు కాదు', ఇది ఎటువైపు?"

చాలాసేపు పేజీ చూసింది. "నీ గీతలూ నువ్వూ" అంది, కానీ పెన్ను తీసుకుంది. కుడివైపు రాసింది. రాశాక పైనుంచి కిందకి నా పేజీ చదివి, మొదటి లైను దగ్గర వేలు పెట్టింది.

"ఇది తప్పమ్మా. నాన్న యూనియన్ షెడ్డుకని అనలేదు. నువ్వు కాగితాలు దిద్దుకుంటున్నావు, తలెత్తలేదు. 'వెళ్ళొస్తా' అన్నాడు, అంతే. నావైపు చూసి జేబు తట్టుకున్నాడు. రంగులఖానా గది తాళంచెవి."

తలెత్తలేదన్న సంగతి నాకు గుర్తుంది. మిగతాది లేదు. పద్దెనిమిది రోజులు అక్కడికే వెళ్ళిన మనిషి పంతొమ్మిదో రోజు ఇంకెక్కడికి వెళ్తాడు? మైకు అన్న మాటకీ దీనికీ తేడా ఏముంది? మొదటి లైను కొట్టేసి, దాన్ని కుడివైపు రాశాను. ఎడమవైపు 'వెళ్ళొస్తా అన్నారు. నేను తలెత్తలేదు' అని రాశాను. రాయడానికి కాస్త సమయం పట్టింది. మా అమ్మాయి నా భుజంమీద గడ్డం ఆనించి, నేను పూర్తిచేసేదాకా కదలకుండా ఉంది.

సాయంత్రం మైకుకి కాగితం ఇచ్చాను. రెండు వాక్యాలు. 'ఇరవై రెండేళ్ళు ఈ మిల్లులో రంగులు కలిపారు. ఈ ఫొటోలో ఒక పోగును వెలుగులో చూస్తున్నారు.'

అతను చదివి, వెనక్కి తిప్పి ఇంకేమైనా ఉందేమో చూశాడు. అప్పుడు మొత్తం చెప్పాను, పోగు, గిన్నె, స్వెట్టరు, బిళ్ళ. మీరంతా గేటు దగ్గరికి చేరకముందే లోపలికి వెళ్ళి ఉంటారు. ఇరవై రెండేళ్ళ అలవాటుకొద్దీ చెయ్యి దానంతటదే బిళ్ళ తీసి తగిలించి ఉంటుంది, తన ఇంటి పనికి వెళ్తూ కూడా. మరిది అబద్ధం చెప్పలేదు. మీరూ చెప్పలేదు.

"అంటే సమ్మె రోజున లోపలికి వెళ్ళాడు" అన్నాడు మైకు.

"వెళ్ళారు."

"ఈ మాట నేను హాల్లో పెట్టాలా?" అప్పటిదాకా తగ్గించుకున్న గొంతు కాస్త పైకి లేచింది. "నేను చూశాను టీచరుగారూ. పది గజాల్లో ఉన్నాను."

"మీరు చెయ్యి చూశారు. నేనూ ఏడాది పాటు పిడికిలే చూశాను."

అతను కుర్చీలో వెనక్కి వాలాడు. "నేను మోసుకెళ్ళాను. దారిలో ఒకసారి కళ్ళు తెరిచాడు. అది కూడా నేననుకున్నదేనా?" అన్నాడు.

"కాదు. అది చూసింది. ఎడమవైపు."

అంతకుముందు కళ్ళు తెరిచిన సంగతి నాకు చెప్పలేదు. ఇంకేమైనా అన్నారా అని అడగలేదు. అడిగితే ఏదో ఒకటి గుర్తొస్తుంది అతనికి, నామీద జాలితో. కమిటీకి చూపించి చెప్తానని కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళాడు. ఆ రేకుమీద ఏం ఉంటుందో ఆదివారందాకా నాకు తెలియదు. ఆ రాత్రే మా అమ్మాయి చేత మరిది ఇంటికి ఫోను చేయించి, అంతా చెప్పించి, ఆదివారం హాలుకి రమ్మనిపించాను.

ఆదివారం హాలు నిండింది. రేకుమీద నా రెండు వాక్యాలూ ఉన్నాయి, ఒక్క అక్షరం మారకుండా. కమిటీకి చూపించలేదనీ, చూపిస్తే ఇంకో ఏడాది పట్టేదనీ మైకు నా చెవిలో చెప్పాడు. తర్వాత లేచి మాట్లాడాడు, మామూలు గొంతుతో, మూడు వీధులకీ వినపడేలా. మధ్యలో అలవాటుకొద్దీ "బిగించిన ఆ పిడికిలి" అని, నావైపు చూసి, దగ్గి, "ఆ చెయ్యి" అన్నాడు. చప్పట్లు కొట్టినవాళ్ళు పిడికిలికే కొట్టారు. రేకు చదివి కూడా వాళ్ళకి పిడికిలే కనపడింది. ముందు వరసలో ఒకరు పక్కాయనతో, టీచరమ్మ ఏదో కవిత్వంగా రాశారన్నారు. నాకేమీ బాధనిపించలేదు. వాళ్ళు ఏం చూస్తారో తెలుసుకోవాలనే ఉంది.

రంగులఖానావాళ్ళు నలుగురు వెనక గోడ దగ్గర నిలబడ్డారు. వాళ్ళు రేకు చదవలేదు. ఫొటో తెర తీయగానే నలుగురూ దాన్ని చూసి, తర్వాత తలలెత్తి, ఆయన వేళ్ళు చూపిస్తున్న వైపు, హాలు పైకిటికీలోంచి కనపడే ఆకాశం వైపు చూశారు.

మా మరిది తలుపు దగ్గర, సగం లోపల సగం బయట ఉన్నాడు. మేం కూర్చున్న బెంచీమీద నేను జరిగి చోటు చూపించాను. చెప్పులు విడిచి వచ్చి కూర్చున్నాడు. చాలాసేపు మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని ఫొటోనే చూశాడు. తర్వాత నావైపు వంగి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"ఇంతకీ రంగు కలిసిందా వదినా?"

నేను మా అమ్మాయి వైపు చూశాను. అది బాబాయి వైపు చూసింది.

"తెలీదు బాబాయ్" అంది.